గింజల్ని నూరి నానబెట్టాలా, అలాగే వేయాలా?

గింజల్లోంచి రంగో, జిగురో, సువాసనో బయటికి తీయాలంటే, నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మనకు కావాల్సిన పదార్థం గింజలో ఎక్కడుంది? జాఫ్రా గింజల రంగు, అంటే బిక్సిన్, పైపొరలోనే ఉంటుంది. గోరువెచ్చని నూనెలో గింజల్ని అలాగే వేసి కలిపితే చాలు, ఎర్రగా దిగిపోతుంది. అవిసె గింజల జిగురూ అంతే, పైతొక్కలోదే. నూరితే లోపలి నూనె కూడా వచ్చి కలుస్తుంది. ఇక వడకట్టడం పెద్ద తలనొప్పి.

సోంపు, జీలకర్ర సంగతి వేరు. వాటి సువాసన తైలం లోపల సన్నటి నాళాల్లో ఉంటుంది. ఆ సువాసన లాగడానికి గింజల్ని ఆల్కహాల్‌లో నానబెడతాం; నూరకపోతే అది అక్కడిదాకా చేరడానికి చాలాకాలం పడుతుంది. అలాగని మెత్తటి పొడి చేయకండి. నేను బరకగా, రవ్వలా ఉన్నప్పుడే ఆపేస్తాను. వేళ్ల మధ్య నలిపితే గరుకుగా తగలాలి, ఒక్క గింజా పూర్తిగా కనిపించకూడదు. మరీ మెత్తగా ఉంటే ఫిల్టర్ పేపర్ మూసుకుపోతుంది. ఆవిరితో తైలం తీసేటప్పుడైతే పొడి గడ్డకట్టి, ఆవిరి పొడంతటికీ తగలకుండా ఏదో ఒక సందు చూసుకుని పోతుంది.

మిక్సీని ఆపకుండా తిప్పొద్దు. జార్ వేడెక్కితే తైలం ఆవిరవుతుంది. గదంతా ఘుమఘుమలాడుతోందని సంతోషపడకండి, సీసాలోకి రావాల్సింది గాల్లో పోతోందని లెక్క! రెండు మూడు సెకన్లు తిప్పి, ఆపి, కదిపి మళ్లీ తిప్పండి. నూరిన వెంటనే ఆల్కహాల్‌లో వేసేయండి, రేపటికి ఉంచొద్దు.

ఆవాల్లో ఇంకో మెలిక ఉంది. వాటి ఘాటు ముందే సిద్ధంగా ఉండదు. నూరి నీళ్లు కలిపాక మైరోసినేజ్ అనే ఎంజైమ్ దాన్ని పుట్టిస్తుంది. అందుకే చన్నీళ్లు పోసి ఓ పది నిమిషాలు వదిలేయాలి. మరిగే నీళ్లు పోస్తే ఎంజైమ్ పాడైపోయి ఘాటు సరిగా రాదు.