రోజూ నడిపే కారుకి పెద్ద టర్బో వద్దు

టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి నెట్టే పరికరం, మార్చాలనుకుంటే హార్స్‌పవర్ అంకె చూసి మురిసిపోకండి. రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చే కారు ఎక్కువసేపు తిరిగేది దాదాపు 1500 నుంచి 3500 ఆర్‌పీఎం మధ్యలోనే, అక్కడ పెద్ద టర్బో పెడితే దాని చక్రం ఊపందుకునేసరికి సిగ్నల్ దాటేసి మళ్లీ బ్రేక్ మీద కాలు పెట్టాల్సి వస్తుంది. టర్బైన్ హౌసింగ్ (ఇంజిన్ పొగతో తిరిగే చక్రం చుట్టూ ఉండే గుల్ల) ఏ/ఆర్, అంటే ఆ గుల్లలో పొగ వెళ్లే దారి కొలత చెప్పే అంకె, తక్కువున్నది తీసుకుంటే బూస్ట్ (ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) తొందరగా అందుతుంది, పై ఆర్‌పీఎంలో కాస్త దమ్ము తగ్గుతుంది, తగ్గనీండి. టర్బో ఎంత గాలిని ఎంత ఒత్తిడితో నెట్టగలదో చూపే కంప్రెసర్ మ్యాప్‌లో మీ ఇంజిన్ పీల్చే గాలి సర్జ్ గీతకి (గాలి వెనక్కి తన్నడం మొదలయ్యే హద్దు) ఎడమవైపు పడితే, ఎంత చవగ్గా వచ్చినా ఆ టర్బో మీకు పనికిరాదు. ఇరుసు బాల్ బేరింగ్ మీద తిరిగే టర్బో ఇంకాస్త చురుగ్గా లేస్తుంది, ఖరీదూ ఎక్కువే. అన్నట్టు, పాత ఆయిల్ ఫీడ్ పైపుని కొత్త టర్బోకి తగిలించకండి, లోపల మాడి గట్టిపడిన ఆయిల్ పెచ్చు ఊడి దారి మూసేస్తే బేరింగ్ పోయినట్టే.