కారు ఏసీ చల్లగా రావడం లేదా? గ్యాస్ ఎక్కించే ముందు ఇవి చూడండి

కారు ఏసీలో చల్లదనం తగ్గగానే ముందుగా వినిపించే మాట, "గ్యాస్ అయిపోయి ఉంటుంది, ఎక్కించేయండి" అని. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న పైపుల్లో అదే గ్యాస్ మళ్లీ మళ్లీ తిరుగుతుంది. రబ్బరు హోస్‌ల నుంచి, సీళ్ల నుంచి ఏళ్ల మీద కొద్దికొద్దిగా తగ్గడం మామూలే. కానీ పోయిన వేసవిలో నింపించింది ఈ వేసవికే లేదంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. దాన్ని వెతక్కుండా మళ్లీ నింపిస్తే ఈసారీ పోతుంది. పైగా గ్యాస్‌తో సంబంధమే లేని కారణాలు చాలా ఉన్నాయి. కొన్నిటిని ఇంటి దగ్గరే కనిపెట్టవచ్చు.

ముందు కొలిచి చూడండి. కారును గాలి ఆడే నీడలో నిలిపి (మూసిన గ్యారేజీలో వద్దు), ఇంజన్ ఆన్ చేయండి. ఏసీని బాగా చల్లటి సెట్టింగ్‌లో పెట్టి, రీసర్క్యులేషన్ (లోపలి గాలినే మళ్లీ తిప్పే) బటన్ నొక్కి, ఫ్యాన్‌ను మధ్య స్పీడులో ఉంచండి. మధ్య వెంట్‌లో గది వేడిని కొలిచే చిన్న థర్మామీటర్ పెట్టి పది నిమిషాలు ఆగండి. బయటి గాలికీ వెంట్ గాలికీ 15 డిగ్రీలకు పైగా తేడా ఉంటే ఏసీ తన పని తాను చేస్తున్నట్టే. ఉక్కగా ఉన్న రోజు ఈ తేడా కొంత తగ్గుతుంది, ఎందుకంటే గాలిలోని తేమను నీరుగా మార్చడానికే ఏసీ శక్తి కొంత పోతుంది. ఎండలో గంటలు గంటలు నిలిపిన కారు చల్లబడటానికి ఎలాగూ టైమ్ పడుతుంది. అద్దాలు దించి లోపలి వేడి గాలిని బయటికి పోనిచ్చి, ఆ తర్వాతే పరీక్షించండి.

గాలే సరిగా రావడం లేదు

క్యాబిన్ ఫిల్టర్ చూడండి. చాలా కార్లలో ఇది గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది, చేత్తోనే బయటికి వస్తుంది. దుమ్ముతో, ఆకులతో మూసుకుపోయి ఉంటే మార్చేయండి. ఫ్యాన్ పెద్ద స్పీడులో మాత్రమే తిరిగి, తక్కువ స్పీడుల్లో ఆగిపోతుంటే చాలా కార్లలో ఫ్యాన్ స్పీడును తగ్గించే బ్లోయర్ రెసిస్టర్ పోయినట్టే.

గాలి బాగానే ఉంది, చల్లదనం అసలు లేదు

బానెట్ ఎత్తి, లోపల కూర్చున్నవారిని ఏసీ బటన్ నొక్కమనండి. కంప్రెసర్ (గ్యాస్‌ను నొక్కి తిప్పే పంపు) దగ్గర "టక్" మని శబ్దం వచ్చి, పుల్లీ ముందున్న ప్లేట్ (కంప్రెసర్ క్లచ్) కూడా తిరగాలి. బెల్టుతో పాటు పుల్లీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి దాన్ని చూసి కంప్రెసర్ పనిచేస్తోందని అనుకోవద్దు. చేతులు, చున్నీలు, వదులు బట్టలు బెల్టుకు దూరంగా ఉంచండి. ఇంజన్ ముందున్న ఫ్యాన్ ఎప్పుడైనా దానంతటదే తిరగవచ్చు.

ప్లేట్ తిరగకపోతే మొదట ఫ్యూజ్, తర్వాత రిలే (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్) చూడాలి. అవి బాగానే ఉంటే గ్యాస్ బాగా తగ్గిపోయి, ప్రెషర్ సెన్సర్ కంప్రెసర్‌ను ఆపేసి ఉండవచ్చు. ఇలా ఆపడం మంచికే. కంప్రెసర్‌కు కావలసిన ఆయిల్ గ్యాస్‌తో కలిసే తిరుగుతుంది, గ్యాస్ లేకుండా నడిస్తే లోపలి భాగాలు అరిగిపోతాయి. అందుకే సెన్సర్ వైర్లు కలిపేసి కంప్రెసర్‌ను బలవంతంగా నడిపిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఇంజన్ విపరీతంగా వేడెక్కినా కారే ఏసీని ఆపేస్తుంది. అప్పుడు చూడాల్సింది కూలెంట్. క్లచ్ లేని కంప్రెసర్లున్న కొత్త కార్లలో "టక్" మనే శబ్దమే రాదు, వాటికి కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టి చూడాల్సిందే.

క్లచ్ పడుతూ, కొన్ని సెకన్లకే వదిలేస్తూ, మళ్లీ పడుతూ ఉంటే గ్యాస్ తక్కువగా ఉందని అనుమానించాలి. పైపుల జాయింట్ల దగ్గర, కండెన్సర్ (వేడిని బయటికి వదిలే జాలీ) మీద నూనె మరకలు వెతకండి. గ్యాస్ లీకైన చోట ఆయిల్ కూడా కొంత బయటికి వచ్చి, దానికి దుమ్ము పట్టి నల్లగా కనిపిస్తుంది. కండెన్సర్ బండి ముందు భాగంలో ఉంటుంది కాబట్టి రాళ్లు ఎగిరి తగిలి చిల్లు పడటం తరచూ జరిగేదే.

నడుస్తుంటే చల్లగా, సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగా

ఇది చాలామందికి ఎదురయ్యే సమస్య, తప్పుగా గ్యాస్ ఎక్కించేదీ ఎక్కువగా దీనికే. క్యాబిన్‌లోని వేడిని తీసుకొచ్చి బయటికి వదిలేది కండెన్సర్. బండి నడుస్తున్నప్పుడు ఎదురుగాలి దాన్ని చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. ఏసీ వేసి, బండి నిలిపి చూడండి. కాసేపైనా ఫ్యాన్ తిరగడం లేదంటే ఫ్యూజ్, రిలే, ఫ్యాన్ మోటార్ చూడాలి. నెమ్మదిగా తిరుగుతున్నా మోటార్ బలహీనపడినట్టే.

ఫ్యాన్ బాగానే ఉంటే ఒక తేలికైన పరీక్ష చేయండి. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా కండెన్సర్ మీద మెల్లగా నీళ్లు చల్లండి. ఒకటి రెండు నిమిషాల్లో వెంట్ గాలి చల్లబడితే, వేడి బయటికి పోవడంలోనే ఇబ్బంది ఉందని తేలుతుంది. అప్పుడు ఇంజన్ ఆపి, చల్లారాక, కండెన్సర్ రెక్కల మధ్య ఇరుక్కున్న మట్టిని, పురుగులను మామూలు పైపు నీళ్లతో కడగండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే సన్నటి రెక్కలు వంగిపోయి గాలి దారి ఇంకా మూసుకుపోతుంది. ఇదంతా చేసినా మార్పు లేకపోతేనే గ్యాస్ మీదికో, అరిగిన కంప్రెసర్ మీదికో అనుమానం పోవాలి.

మొదట బాగుండి, కాసేపటికి గాలి తగ్గిపోతోంది

డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్ మీద మంచు గడ్డకట్టి ఉంటుంది. ఏసీ ఆపి ఫ్యాన్ మాత్రం నడపండి. పది, పదిహేను నిమిషాల్లో కారు కింద నీళ్లు బాగా కారి, గాలి మళ్లీ మామూలుగా వస్తే ఇదే కారణం. కాయిల్ ఉష్ణోగ్రత చూసే సెన్సర్ పోవడం, ఫిల్టర్ మూసుకుపోవడం, గ్యాస్ తగ్గడం, ఈ మూడూ చూపించండి.

ఒకవైపు చల్లగా, మరోవైపు వెచ్చగా

వేడి, చల్లటి గాలులను కలిపే తలుపు ఇరుక్కుపోయి ఉండవచ్చు. ఉష్ణోగ్రత మార్చినప్పుడు డ్యాష్‌బోర్డులో టకటకమని శబ్దం వస్తే దాన్ని తిప్పే మోటారు మీదే అనుమానం. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఏసీ బాగుండి, ఇంజన్ వేడెక్కేకొద్దీ వెచ్చబడుతుంటే హీటర్ వేడి కలుస్తున్నట్టే. గ్యాస్ కొద్దిగా తగ్గినా కొన్ని కార్లలో ఒకవైపే చల్లగా వస్తుంది, కాబట్టి డ్యాష్‌బోర్డు విప్పించే ముందు గ్యాస్ ప్రెషర్ కొలిచే గేజ్‌లు పెట్టించండి.

గ్యాస్ పనే అని తేలితే

ఆర్134ఎ అనే రకం గ్యాస్ ఉన్న కార్లో, ఏసీ నడుస్తుండగా లో సైడ్ (కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే వైపు) గేజ్ సుమారు 25 నుంచి 45 పీఎస్ఐ (ప్రెషర్ కొలత), హై సైడ్ (కంప్రెసర్ నుంచి గ్యాస్ వెళ్లే వైపు) 150 నుంచి 250 పీఎస్ఐ మధ్య చూపాలి. బయటి వేడిని బట్టి ఇవి మారతాయి. రెండూ తక్కువగా ఉంటే గ్యాస్ తగ్గింది. రెండూ ఎక్కువగా ఉంటే కండెన్సర్ చల్లబడటం లేదు, లేదా గ్యాస్ ఎక్కువైంది. లో సైడ్ ఎక్కువగా, హై సైడ్ తక్కువగా ఉంటే కంప్రెసర్ బలహీనపడింది. లో సైడ్ దాదాపు సున్నాకు, ఇంకా కిందికి పడిపోతుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ను ప్రెషర్ తగ్గించి వదిలేది) దగ్గర అడ్డు ఉండవచ్చు.

పైపులు మీరు విప్పొద్దు. ఆర్134ఎ మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. చర్మం మీద, కంట్లో పడితే మంచుకాటు గాయమవుతుంది. కొత్త కార్లలో వాడే ఆర్1234వైఎఫ్ అనే గ్యాస్‌కు కొద్దిగా మండే గుణం కూడా ఉంది. ఈ రెండింటినీ కలపకూడదు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో కంప్రెసర్ హై వోల్టేజీతో నడుస్తుంది, దాని ఆయిల్ కూడా వేరు. అది తెలిసిన మెకానిక్‌కే వదిలేయాలి.

మెకానిక్‌ను మూడు విషయాలు అడగండి. లీకు బాగుచేశాక కనీసం అరగంట వాక్యూమ్ పెట్టి (పైపుల్లోని గాలిని, తేమను లాగేసి), అది నిలిచిందో లేదో చూస్తారా? బానెట్ కింది స్టిక్కర్‌లో ఉన్నంత గ్యాస్‌నే తూకం వేసి నింపుతారా? లీకును మూసే సీలెంట్ కలపకుండా ఉంటారా? చిన్న కార్లలో పట్టేదే అర కిలో చుట్టుపక్కల, అందులో 100 గ్రాములు ఎక్కువైనా కూలింగ్ తగ్గిపోవచ్చు. పని అయ్యాక గ్యాస్ నింపే సర్వీస్ పోర్టుల మూతలు రెండూ బిగించారో లేదో మీరే చూడండి. లోపలి చిన్న వాల్వ్ నుంచి సన్నగా వచ్చే లీకును ఆపేది ఆ మూతల్లోని రబ్బరు రింగులే.