రోజూ పరుగు తెగకుండా సాగాలంటే: రాన్ హిల్ పద్ధతి

జనవరిలో పరుగు మొదలుపెట్టి ఫిబ్రవరికల్లా బూట్లు మంచం కిందకి తోసేసే బాపతా మీరు? అయితే ముందు రాన్ హిల్ గురించి వినండి. 1938లో ఇంగ్లండ్‌లోని ఆక్రింగ్టన్‌లో పుట్టాడు, జౌళి రసాయన శాస్త్రంలో డాక్టరేట్ చేసి ఉద్యోగం చేసుకుంటూనే 1964 డిసెంబర్ 20 నుంచి 2017 జనవరి దాకా, అంటే 52 ఏళ్ల పైచిలుకు, ఒక్కరోజు కూడా పరుగు మానలేదు.

కిటుకంతా ఆయన పెట్టుకున్న లెక్కలో ఉంది: రోజుకి కనీసం ఒక మైలు, అంటే 1.6 కిలోమీటర్లు, ఎంత మెల్లగానైనా సరే. మీరూ కనీస దూరం నవ్వొచ్చేంత తక్కువ పెట్టుకోండి, ఆఫీసు నుంచి రాత్రి పదింటికి ఇల్లు చేరి, సోఫాలో కూలబడితే ఇక లేవలేం అనిపించే రోజున కూడా బట్టలు మార్చుకుని అయిందనిపించేంత. మొదట్లోనే రోజుకి ఐదు కిలోమీటర్లు అని పంతం పడితే రెండో వారంలోనే తెగుతుంది.

కనీసం అంటే అంతటితో ఆగిపోమని కాదు. ఒంట్లో ఓపికున్న రోజు ఎక్కువ పరుగెత్తండి. ఆయన 1970లో బోస్టన్ మారథాన్‌ని 2:10:30లో, అదే ఏడాది ఎడిన్‌బరోలో కామన్వెల్త్ మారథాన్‌ని 2:09:28లో గెలిచింది ఈ వరుస నడుస్తుండగానే.

టైమ్ ఎక్కడిది అంటారా? ఆయన పనికి పరుగెత్తుకుంటూ వెళ్లి అలాగే తిరిగొచ్చేవాడు. మీకు అది కుదరకపోతే ఎలాగూ రోజూ చేసే పని ఏదో ఒకదానికి ముందు పరుగు పెట్టుకోండి. వచ్చాక తేదీ, దూరం నోట్‌బుక్‌లో రాయండి, ఖాళీ గడి చూస్తే మనసు ఊరుకోదు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన్ని అనుసరించొద్దు. కాలికి ఆపరేషన్ అయ్యాక కట్టుతోనే, చేతికర్రల సాయంతో మైలు లాగించేశాడు. నా దృష్టిలో అది మొండితనం. జ్వరం, కుంటేంత నొప్పి, ఈ రెండిట్లో ఏది ఉన్నా వరుస తెగినా సరే మానేస్తానని ముందే రాసి పెట్టుకోండి, ఆ రోజు వచ్చాక బుర్ర పనిచేయదు.

ఛాతీ నొప్పి కూడా ఆ చీటీలో ఉండాలి. 2017 జనవరి 28న, 78 ఏళ్ల వయసులో, 400 మీటర్లకే గుండెలో నొప్పి మొదలైనా ఆయన మైలు పూర్తి చేశాకే ఆగాడు, మర్నాటి నుంచి వరుసకి స్వస్తి చెప్పాడు. మీరు మాత్రం ఆ 400 మీటర్ల దగ్గరే ఆగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.