పులి-మేక ముగింపు పట్టికలు 4 జీబీ ర్యామ్‌లో కట్టడం ఎలా?

ముగింపు పట్టిక అంటే బోర్డు మీద ప్రతి స్థితిలో ఎవరు గెలుస్తారో ముందే లెక్కగట్టి రాసుకున్న జాబితా. ముందు రూల్సు తేల్చుకోండి, ఊరికో రకంగా ఆడతారు. నా లెక్క: 23 చోట్లు, 3 పులులు, 15 మేకలు, 6 మేకలు పోతే ఆట పులులదే. భాష సీ. మేకలన్నీ దిగాక వచ్చే స్థితులే లెక్కలోకి వస్తాయి.

మా అమలాపురం కుర్రాళ్ళు ప్రతి స్థితినీ పైథాన్ డిక్షనరీలో పెట్టేసి, ర్యామ్ చాలట్లేదని కాకినాడ బస్సెక్కుతారు. కొత్త ర్యామ్ ఎందుకండీ? స్థితిని దాచకూడదు. దానికో నంబరిచ్చి, ఆ నంబరు దగ్గర ఫలితం ఒక్కటే దాచాలి.

అందరూ తప్పేది ఈ నంబరు దగ్గరే. పులులు మూడూ ఒకటే, వాటిని విడివిడిగా లెక్కపెడితే 10,626 అమరికలు. కలిపి లెక్కపెడితే 1,771. చోట్లకు 0 నుంచి నంబర్లు వేసి, పులుల్ని చిన్న నంబరు నుంచి వరసపెట్టండి. 2, 7, 15లో ఉంటే: 2, దానికి 7లో రెండు ఎంచే విధాలు 21, 15లో మూడు ఎంచే విధాలు 455 కలిపితే 478. అదే పులుల నంబరు.

మేకల్ని 23 చోట్ల మీద కాదు, పులులు పోగా మిగిలిన 20 మీద లెక్కించాలి. 10 మేకలకి 11,44,066 బదులు 1,84,756 అమరికలే అవుతాయి. ఇందుకు ప్రతి మేక నంబరులోంచి దానికంటే ముందు ఎన్ని పులులుంటే అంత తీసేయాలి. పై ఉదాహరణలో 8లో ఉన్న మేక 6 అవుతుంది. వెనక్కి తెచ్చేటప్పుడు పులుల్ని చిన్నదాని నుంచే చూస్తూ, పులి నంబరు మేక నంబరుని మించకపోతే మేకకి ఒకటి కలపండి: 6 కాస్తా 7, ఆపైన 8 అవుతుంది. పెద్దదాని నుంచి చూస్తే 7 దగ్గర ఆగి, మేక పులి నెత్తిన కూర్చుంటుంది! ప్రోగ్రాం మాత్రం ఆగదు, తప్పుడు పట్టిక కడుతూనే ఉంటుంది. అందుకే 0 నుంచి చివరి దాకా ప్రతి నంబరునీ స్థితిగా మార్చి, మళ్ళీ నంబరు చేసి చూడండి. ఒక్కటి తేడా వచ్చినా ముందుకెళ్ళొద్దు.

ఇక మిగతాది తేలికే. మేకలు తగ్గుతాయే గానీ పెరగవు. కాబట్టి 10 మేకల పట్టికతో మొదలుపెట్టి 15 దాకా వెళ్ళండి. పులి మేకను తిన్నాక వంతు మేకలది కాబట్టి, ఒక మేక తక్కువున్న పట్టికలో మేకల వంతు సగమే ర్యామ్‌లో ఉంటే చాలు. ఒక్కో స్థితికి 2 బిట్లు: తేలలేదు, పులి, మేక. ప్రతి స్థితినీ దాని తర్వాత వచ్చే స్థితుల ఫలితాలతో తేలుస్తూ, మార్పు ఆగేదాకా పట్టికంతా మళ్ళీమళ్ళీ తిప్పాక తేలనివన్నీ డ్రా. 10 మేకలకి రెండు వంతులూ కలిపి 65 కోట్ల పైచిలుకు స్థితులు, దాదాపు 164 ఎంబీ. ఒక్కో స్థితిలో ఇంకా తేలని ఎత్తులు లెక్కపెట్టే కౌంటర్లు పెడితే వేగం వస్తుందంటారు, కానీ స్థితికో బైటు తింటాయి. నేను పెట్టను, మీరూ పెట్టకండి. బోర్డు కుడిఎడమల పోలికతో ఇంకో సగం తగ్గించొచ్చు గానీ, అది పట్టిక సరిగ్గా వచ్చాకే.

ఒక్కో పట్టిక అవ్వగానే డిస్కులో రాసేయండి. వేసవిలో మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందే.