పనిలో గాయపడిన కార్మికుడికి యజమాని పరిహారం ఇవ్వకపోతే ఎలా రాబట్టుకోవాలి?

చిత్తూరు ప్రాంతంలోని మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో యంత్రంలో చెయ్యి పడి ఒక కార్మికుడికి రెండు వేళ్లు పోయాయనుకుందాం. యజమాని ఆసుపత్రి బిల్లు కట్టి, పరిహారం సంగతి సీజను అయిపోయాక చూద్దామంటున్నాడు. అప్పుడు మొదట తేల్చుకోవలసింది ఆ కార్మికుడికి ప్రభుత్వ కార్మిక బీమా అయిన ఈఎస్‌ఐ ఉందా అన్నది. ఉంటే యజమాని మీద పరిహారం కేసు నడవదు, వైకల్య భృతిని ఈఎస్‌ఐ నుంచే తీసుకోవాలి. లేకపోతే 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం దిక్కు. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది కనుక, ఇక్కడ చెబుతున్నది అంతకు ముందు జరిగిన ప్రమాదాల గురించి.

కేసులు ఎక్కువగా ఓడేది సాక్ష్యం దగ్గరే. గాయపడిన మనిషిని ఆసుపత్రికి తెచ్చిన మేస్త్రీ ‘ఇంట్లో జారిపడ్డాడు’ అని చెబితే కేస్ షీట్‌లోకి అదే ఎక్కుతుంది, తర్వాత దాన్ని కాదనడం చాలా కష్టం. అందువల్ల ప్రమాదం ఎక్కడ, ఎలా జరిగిందో ఇంటివాళ్లే డాక్టరుకు చెప్పి రాయించాలి. గేటు పాసు, హాజరు పట్టీ ఫొటో, జీతం పడిన బ్యాంకు పాసుపుస్తకం, తోటి కార్మికుల వాంగ్మూలాలు భద్రపరచాలి. కాంట్రాక్టరు కింద పనిచేసినా ఫ్యాక్టరీ యజమానికి బాధ్యత తప్పదు. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరడిగినా సంతకం పెట్టకూడదు.

ఎంత రావాలో లెక్క వేసుకుని అడగడం మంచిది. నెలకు 14,000 రూపాయల జీతం ఉన్న 30 ఏళ్ల కార్మికుడి విషయంలో, జీతంలో 60 శాతాన్ని ఆ వయసుకు చట్టం పెట్టిన గుణకం 207.98తో హెచ్చించి, రెండు వేళ్లకు నిర్ణయించిన 20 శాతం తీస్తే దాదాపు 3,49,406 రూపాయలు వస్తుంది. జీతం ఎంత ఎక్కువైనా లెక్కలోకి 15,000 వరకే తీసుకుంటారు. యజమాని కట్టిన ఆసుపత్రి బిల్లును ఇందులోంచి తగ్గించడానికి వీల్లేదు.

ఇక యజమానికి రిజిస్టరు పోస్టులో నోటీసు పంపి, రసీదు దాచుకోవాలి. ప్రమాదం జరిగిన రెండేళ్లలోగా కార్మిక శాఖలోని పరిహార కమిషనర్ ముందు దరఖాస్తు వేయాలి. ప్రమాదం తిరుపతి జిల్లాలో జరిగినా, బంగారుపాళెంలో కాపురముండే మనిషి చిత్తూరు జిల్లా పరిధిలోని కమిషనర్ దగ్గరే వేసుకోవచ్చు. చెల్లింపు నెల దాటి ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ, తగిన కారణం లేకపోతే పరిహారంలో సగం దాకా జరిమానా పడతాయి. దరఖాస్తులో ఈ రెండింటినీ విడిగా కోరాలి.

ఉత్తర్వు వచ్చాక యజమాని హైకోర్టుకు వెళ్లాలంటే 60 రోజుల్లోగా, అదీ పరిహారం సొమ్మును ముందు కమిషనర్ దగ్గర జమ చేసి వెళ్లాలి. అప్పీలుకూ పోక, డబ్బూ కట్టక కూర్చుంటే, ఆ మొత్తాన్ని భూమి శిస్తు బకాయిలా వసూలు చేయించమని కమిషనర్‌కు మరో దరఖాస్తు పెట్టాలి.