జంట సిలిండర్లకి రెగ్యులేటర్: కొనేముందు, దిగేముందు

దసరా సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, నా ఫోన్‌కి స్కూబా డైవింగ్ గురించి ఒకే రకం కాల్స్ మొదలవుతాయి. మొన్న విజయవాడ పటమట నుంచి ఒక కుర్రాడు చేశాడు. "అన్నా, ఈసారి అండమాన్‌లో ట్విన్ సెట్ మీద దిగుదామనుకుంటున్నా. ఏ కంపెనీ రెగ్యులేటర్ తీసుకోమంటావ్?"

కంపెనీ పేరు చెప్పి ఫోన్ పెట్టేయడం ఎంతసేపు? నేను ఎదురు ప్రశ్న వేశాను. "30 మీటర్ల లోతులో నీ వెనకాల ఎక్కడో బుస్సుమని గాలి పోతోంది. నీ చెయ్యి ముందు ఏ నాబ్ మీదకి పోతుంది?" అవతల చప్పుడు లేదు.

రెగ్యులేటర్ అంటే సిలిండర్‌లో గాలి ఒత్తిడి తగ్గించి నోటికి అందించేది. ఒక్క సిలిండర్ మీద డైవ్ చేసేవాడు అది బాగా పనిచేయాలని కోరుకుంటాడు. ట్విన్ సెట్, అంటే జంట సిలిండర్లు, వేసుకునేవాడు మాత్రం రెండిట్లో ఒకటి పాడవుతుందనే లెక్కతోనే కొనాలి. అందుకోసమే కదా అంత బరువు మోసేది! రెండు సిలిండర్లని పైన మానిఫోల్డ్ కలుపుతుంది. దాని మధ్యలో రెండిట్నీ విడదీసే ఐసొలేటర్ నాబ్, రెండు చివర్లా చెరో వాల్వ్, ఒక్కో వాల్వ్‌కి ఒక ఫస్ట్ స్టేజ్ (రెగ్యులేటర్‌లో సిలిండర్‌కి బిగించే భాగం, నోట్లో పెట్టుకునేది సెకండ్ స్టేజ్). ఒకవైపు చెడితే ఆ నాబ్ కట్టేస్తావు, రెండో ఫస్ట్ స్టేజ్ మీద గాలి పీలుస్తావు. మానిఫోల్డ్ తెరిచే ఉంటుంది కాబట్టి రెండు సిలిండర్లలో గాలీ నీదే. మన దగ్గర ఎక్కువగా దొరికే 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్లు రెండు, 200 బార్ ఒత్తిడికి నింపితే సుమారు 4,440 లీటర్ల గాలి. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడు 30 మీటర్ల దగ్గర, అక్కడ ఒత్తిడి నాలుగింతలు కాబట్టి, 80 లీటర్లు పీలుస్తాడు. లెక్కకి 55 నిమిషాలు. నాబ్ కట్టడం రానివాడికి ఈ లెక్కలేవీ పనికిరావు, ఫ్రీ ఫ్లో (గాలి ఆగకుండా బయటికి పోవడం) మొదలైతే రెండు సిలిండర్లూ ఒకే దారిన ఖాళీ అవుతాయి.

ఇక కొనే సంగతి. ట్విన్ సెట్‌కి డిన్ కనెక్షన్ తప్ప ఇంకోటి వద్దు. యోక్ అంటే వాల్వ్‌ని పైనుంచి పట్టుకుని బిగించే బిగింపు. దేనికైనా గట్టిగా తగిలితే పక్కకి జరిగి, గాలి కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్ బయటికి తన్నుకు రావచ్చు. డిన్ అయితే మర తిప్పినట్టు వాల్వ్ లోపలికి బిగుస్తుంది, ఓ-రింగ్ లోపలే బందీగా ఉంటుంది. పైగా యోక్ 232 బార్ దాకానే, డిన్‌లో 300 బార్ రకం కూడా ఉంది. ఇప్పటికే యోక్ రెగ్యులేటర్ ఉంటే పారేయక్కర్లేదు, చాలా మోడళ్లకి డిన్‌గా మార్చే కిట్ దొరుకుతుంది.

ఫస్ట్ స్టేజ్‌లు రెండూ ఒకే మోడల్ తీసుకోండి. ఇందులో నేను రాజీపడను, ఎందుకంటే ఒకసారి పడి బుద్ధి తెచ్చుకున్నాను. ఒక పాత రెగ్యులేటర్ నా దగ్గరుంది కదా అని, రెండోది సెకండ్ హ్యాండ్‌లో వేరే మోడల్ చవగ్గా కొన్నాను. అమ్మినాయన "మొన్ననే సర్వీస్ అయింది సార్" అన్నాడు. డైవ్‌కి ముందు రోజు రాత్రి లాడ్జి గదిలో రెండిట్నీ సిలిండర్‌కి బిగించి, ఇన్‌ఫ్లేటర్ గొట్టానికి (తేలడానికి వీపున ఉండే వింగ్ అనే సంచికి గాలి నింపేది) చిన్న గేజ్ తగిలించి చూశాను. పాతది తొమ్మిదిన్నర బార్ దగ్గర ఆగి కదల్లేదు. కొత్తది తొమ్మిదిన్నర, పది, పదిన్నర, పదకొండు... ముల్లు చీమ పాకినట్టు పైకి పాకుతూనే ఉంది. ఐదు నిమిషాలకి సెకండ్ స్టేజ్ దానంతటదే బుస్ మంది. లోపల హై ప్రెషర్ సీట్ అరిగిపోయిందన్నమాట. నీళ్లలో జరిగి ఉంటే అదే ఫ్రీ ఫ్లో. అప్పటికప్పుడు మార్చడానికి విడిభాగం లేదు, పాతదానివి దీనికి పట్టవు. మర్నాడు పడవలో మిగతావాళ్లకి ఫొటోలు తీస్తూ కూర్చున్నాను.

రెగ్యులేటర్ ఖరీదుతో పోలిస్తే ఆ చిన్న గేజ్ ఖరీదు చాలా తక్కువ. ముందు అది కొనండి. చాలా రెగ్యులేటర్లకి మధ్యస్థ ఒత్తిడి (ఫస్ట్ స్టేజ్ నుంచి గొట్టాల్లోకి వచ్చేది) 9 నుంచి 10 బార్ మధ్య ఉంటుంది, మీదానికి ఎంతో మాన్యువల్‌లో చూసుకోండి. సెకండ్ స్టేజ్ మీద గాలి వదిలే పర్జ్ బటన్ నాలుగైదుసార్లు నొక్కి వదలాలి. ముల్లు దిగి, లేచి, ఒకచోట ఆగాలి. ఆగకుండా పాకితే ఆ రెగ్యులేటర్ నీళ్లలోకి పోకూడదు.

బ్యాలెన్స్‌డ్ రకమే తీసుకోవాలి. సిలిండర్ నిండుగా ఉన్నా, అడుగంటినా పీల్చడం ఒకేలా ఉంటుంది. ఆ తర్వాత, ఫస్ట్ స్టేజ్ లోపల వాల్వ్‌ని కదిపేది పిస్టనా, డయాఫ్రమా (పల్చటి రబ్బరు పొర) అనే వాదన. స్కూబాప్రో ఎంకే 25 పిస్టన్ రకం, అపెక్స్ వాళ్లు డయాఫ్రమ్‌కి పేరున్నవాళ్లు, రెండూ మంచివే. నా మొగ్గు సీల్ ఉన్న డయాఫ్రమ్ వైపు. చల్లటి దేశాల్లో ఆ సీల్ లోపల మంచు కట్టకుండా కాపాడుతుంది. మనకి మంచు బాధ లేదు, ఒండ్రు బాధ ఉంది. పిస్టన్ రకంలో స్ప్రింగ్ ఉన్న గదిలోకి బయటి నీళ్లు వస్తాయి, ఆ నీళ్లతో ఉప్పూ, బురదా కూడా వచ్చి కూర్చుంటాయి. సీల్ ఉంటే అవి బయటే ఆగుతాయి.

బురద అంటే కృష్ణా నది గురించి ఒక మాట చెప్పాలి. 2024 సెప్టెంబర్ మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర ఇరుక్కున్నాయి. వాటిని నీళ్లలోనే కోయడానికి డైవర్లు దిగడం మనవాళ్లంతా టీవీలో చూశారు. అప్పటినుంచి "పున్నమి ఘాట్ దగ్గర ప్రాక్టీస్ చేసుకుంటే పోలా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. పోదు బాబూ. వాళ్లు పని మీద, పైన మనుషులు తాడు పట్టుకుని ఉండగా దిగినవాళ్లు. వానాకాలం కృష్ణలో చెయ్యి చాచితే వేళ్లు కనపడవు, గేట్లు ఎప్పుడు ఎత్తుతారో మనకి తెలియదు, అడుగున తెగిన వలలు. ప్రాక్టీస్ స్విమ్మింగ్ పూల్‌లో, అదీ అనుమతి తీసుకుని.

గొట్టాలు ఎటు పోవాలన్నది రెగ్యులేటర్ ఎంపికని చాలావరకు తేల్చేస్తుంది. అందుకే ముందు కాగితం మీద గీసుకోండి. కుడి భుజం వెనక ఉన్న ఫస్ట్ స్టేజ్ నుంచి రెండు మీటర్ల పొడవాటి గొట్టం, అదే మీరు పీల్చే రెగ్యులేటర్. తోటివాడికి గాలి కావాలంటే నోట్లోది తీసి ఇచ్చేది కూడా దాన్నే. వింగ్‌కి గాలి నింపే గొట్టం కూడా కుడి నుంచే. ఎడమ నుంచి పొట్టి గొట్టంతో స్పేర్ రెగ్యులేటర్, మెడలో ఎలాస్టిక్ తాడుతో గడ్డం కింద వేలాడుతూ ఉంటుంది. ప్రెషర్ గేజ్ ఎడమకే.

కుడి, ఎడమ అలా ఎందుకో తెలిస్తే మర్చిపోరు. పైన ఏదైనా కప్పు లాంటిది ఉండి, ముందుకి ఈదుతూ దానికి రాసుకుంటే, ఎడమ నాబ్ మూసుకునే వైపు తిరుగుతుంది, కుడిది తెరుచుకునే వైపు తిరుగుతుంది. నోట్లో ఉన్నదీ, తేల్చేదీ రెండూ కుడివైపు ఉంటే, ఎడమది తెలియకుండా మూసుకుపోయినా మీరు బతికే ఉంటారు. గేజ్ ముల్లు కదలకపోవడం చూసి సంగతి పట్టుకుంటారు కూడా.

మన నీళ్లలో డ్రైసూట్ (చలికి వేసుకునే, గాలి నింపే సూట్) అక్కర్లేదు కాబట్టి ఒక్కో ఫస్ట్ స్టేజ్ నుంచి రెండు గొట్టాలకి మించి పోవు. ఆరేడు పోర్టులు, అంటే గొట్టాలు బిగించే రంధ్రాలు, ఉన్నదానికి అదనంగా డబ్బు పోయకండి. పోర్టుల లెక్క కన్నా అవి ఏ వైపుకి తిరిగి ఉన్నాయన్నది ముఖ్యం. రెండిట్నీ మానిఫోల్డ్‌కి బిగించి చూడాలి. గొట్టాలు కిందికి, ఒంటిని ఆనుకుని దిగాలి. కొమ్ముల్లా పక్కలకి పొడుచుకొస్తే నాబ్‌కి చెయ్యి అడ్డం పడుతుంది.

అల్లిక గొట్టాలు మెత్తగా, అందంగా ఉంటాయి. కానీ కొన్నిట్లో లోపలి ప్లాస్టిక్ పొర వేడికీ తేమకీ చెడి, పలుకులు కట్టి గాలికి అడ్డం పడిన సందర్భాలు ఉన్నాయి. మనది ఎండలకి బ్లేజ్‌వాడ అనిపించుకున్న విజయవాడ. మే నెలలో కారు డిక్కీలో సామాను వదిలేసే అలవాటున్నవాళ్లు మామూలు రబ్బరు గొట్టమే తీసుకోవడం మేలు. రబ్బరైనా ఐదేళ్లకోసారి మార్చేయండి.

సర్వీస్ విషయం. ఆటోనగర్‌లో తయారుకాని వస్తువు లేదని మనకి గర్వం, నిజమే కూడా. అయినా రెగ్యులేటర్‌ని అక్కడికి తీసుకెళ్లకండి. నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి) నింపుకునేవాళ్లకైతే మరీ ప్రమాదం. మామూలు గ్రీజు, ఎక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్ కలిస్తే నిప్పు అంటుకోవచ్చు. కంపెనీ శిక్షణ ఉన్న టెక్నీషియన్‌కే పంపాలి, నావి కొరియర్‌లో చెన్నై పోతాయి. రెండూ ఒకేసారి పంపి, వచ్చాక పూల్‌లో ఒకసారి వాడి, అప్పుడు ట్రిప్‌కి బయల్దేరతాను. సర్వీస్ నుంచి వచ్చినదాన్ని నేరుగా సముద్రంలోకి దించను.

దిగే రోజు ఐసొలేటర్ తెరిచి ఉందో లేదో మీ చేత్తోనే తిప్పి చూసుకోండి. అది మూసి ఉండగా ఒకవైపు నుంచి గాలి నింపితే, గేజ్ చూపేది ఒక సిలిండర్ సంగతే. తిరిగొచ్చాక మంచినీళ్లలో నానబెట్టేటప్పుడు సిలిండర్ తగిలించి లేకపోతే పర్జ్ బటన్ నొక్కకూడదు. నొక్కితే నీళ్లు గొట్టం గుండా ఫస్ట్ స్టేజ్‌లోకి పోతాయి.

పటమట కుర్రాడికి ఇవన్నీ చెప్పి, కొనేముందు ఒక పని చేయమన్నాను. మా ఇంటికొచ్చి నా ట్విన్ సెట్ తగిలించుకుని, స్టూలు మీద కూర్చుని, కళ్లు మూసుకుని మూడు నాబ్‌లూ కట్టి తెరవాలి. ఆదివారం వచ్చాడు. కుడిది అందింది. ఐసొలేటర్‌కి వేలికొసలు తగిలాయి. ఎడమది అందలేదు. వీపు పట్టీలు వదులు చేసి, సెట్‌ని రెండంగుళాలు పైకి లేపితే అదీ అందింది గానీ, మూడూ పూర్తయ్యేసరికి చొక్కా తడిసిపోయింది. "ఈ దసరాకి ఒక్క సిలిండరే బుక్ చేస్తానన్నా," అన్నాడు. గేజ్ మాత్రం ఆ రాత్రే ఆర్డర్ పెట్టాడట.