గ్రీకు తవెర్నాలో భోజనం ఎలా చేయాలి?

గ్రీసు చూడటానికి వెళ్ళినవాళ్ళు తవెర్నాలో, అంటే అక్కడి మామూలు భోజనశాలలో, చేసే తప్పులు ఎప్పుడూ అవే. సాయంత్రం ఆరున్నరకే వెళ్ళి కూర్చుంటారు, తలా ఒక ప్లేటు చొప్పున అన్నీ ఒకేసారి చెప్పేస్తారు, సగం వదిలేస్తారు, చివర్లో చేప ధర చూసి మోసపోయామంటారు. అక్కడ భోజనమంటే బల్ల మధ్యలో పెట్టిన పళ్ళాల్లోంచి అందరూ కొంచెం కొంచెం తీసుకుంటూ రెండు మూడు గంటలు తినడం. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా పద్ధతులన్నీ అర్థమవుతాయి.

వేళ, చోటు

మధ్యాహ్నం 2 తర్వాత, రాత్రి 9 తర్వాత వెళ్ళండి. అంతకుముందు వెళ్తే మీ చుట్టూ ఉండేది పర్యాటకులే. వీధిలో నిలబడి చెయ్యి పట్టుకున్నంత పని చేసి లోపలికి పిలిచే చోటికి వెళ్ళొద్దు. ప్రతి వంటకానికీ రంగుల ఫోటో వేసిన మెనూ ఉన్నా వెళ్ళొద్దు. మెనూ చిన్నదిగా ఉండాలి. ఈ రోజు ఏం వండారో అడిగితే చెప్పేవాళ్ళుండాలి. కుటుంబాలు పిల్లలతో సహా కూర్చుని ఉంటే ఇంక వెతకనక్కర్లేదు.

ముసాకా (వంకాయ, కీమా పొరలు), పాస్తీత్సియో (పాస్తా, కీమా పొరలు), టమాటాలో ఉడికించిన కూరగాయలు, చిక్కుళ్ళ లాంటివి పొద్దున్నే వండి పెట్టేస్తారు. వీటిని మగిరెఫ్తా అంటారు. ఇవి మధ్యాహ్నం తినాల్సినవి. రాత్రికి నిప్పుల మీద కాల్చినవి చెప్పండి. మగిరెఫ్తా గోరువెచ్చగా వస్తే వెనక్కి పంపకండి, అక్కడ అలాగే తింటారు. మరీ వేడిగా ఉంటే ఆలివ్ నూనె రుచి తెలియదు.

కూర్చోగానే అడక్కుండానే రొట్టె తెస్తారు. బిల్లులో తలకి ఇంత అని దాని ధర పడుతుంది. అది మామూలే. వద్దనుకుంటే తెచ్చినప్పుడే చెప్పాలి, కానీ ఉంచుకోండి. సలాడ్ గిన్నె అడుగున మిగిలే టమాటా రసం, ఆలివ్ నూనె కలిసినదాన్ని రొట్టెతో అద్దుకుని తినకపోతే ఆ సలాడ్ తిన్నట్టే కాదు.

ఆర్డరు చెప్పడం

ఇద్దరికి ఒక సలాడ్, రెండు చిన్న పళ్ళాలు (మెజేదెస్), ఒక పెద్ద వంటకం చాలు. నలుగురికైతే ఒక సలాడ్, మూడు నాలుగు మెజేదెస్, రెండు పెద్దవి. ముందు సలాడ్, మెజేదెస్ మాత్రమే చెప్పండి. అవి సగమయ్యాక మిగతావి చెప్పండి. వంటగదిలో ఏది ముందు అయితే అది తెచ్చి పెట్టేస్తారు కాబట్టి, అన్నీ ఒకేసారి చెబితే పది నిమిషాల్లో బల్ల నిండిపోయి చివరివి చల్లారిపోతాయి. విడతలుగా చెబితే ఆలస్యమవుతుందని కొందరు భయపెడతారు. తొందరగా లేవాలనుకునేవాళ్ళకి తవెర్నా ఎందుకు, వీధి చివర పుల్లకి గుచ్చి కాల్చిన మాంసం అమ్మే సువ్లాకి కొట్టు ఉంటుంది. ఇద్దరికి సరిపడే మెజే పళ్ళెమని ఒకటి కలిపి అమ్ముతారు, అదీ తీసుకోవద్దు. విడివిడిగా చెప్పుకున్నవే తాజాగా వస్తాయి.

సలాడ్ అంటే హొరియాతికి: టమాటా, కీర, ఉల్లి, ఆలివ్ కాయలు, పైన ఫెతా చీజ్ ముక్క. అందులో లెట్యూస్ ఆకు కనిపిస్తే ఆ చోటు మీద నమ్మకం తగ్గించుకోండి. మెజేదెస్‌లో ఫావా తప్పకుండా చెప్పండి. పసుపు రంగు బఠాణీ జాతి పప్పుని ముద్దగా ఉడికించి, పైన పచ్చి ఉల్లిపాయ, ఆలివ్ నూనె వేసి ఇస్తారు. ముద్దపప్పు తిని పెరిగినవాళ్ళకి పరాయిగా అనిపించదు. ఉడికించిన ఆకుకూర హోర్తా మీద నిమ్మకాయ బాగా పిండాలి. కారం కావాలంటే బూకోవో అని అడగండి, దంచిన ఎండుమిరప ఇస్తారు. పెద్ద కారముండదు. బ్యాగులోంచి ఆవకాయ సీసా తీయకండి. అక్కడి వంటలో రుచి నూనెలో, నిమ్మలో ఉంటుంది, ఆవకాయ పడితే రెండూ పోతాయి.

ఒక్క మాట విషయంలో జాగ్రత్త. గ్రీకులో ‘నే’ అంటే అవును, ‘ఓహి’ అంటే కాదు. హిందీ ‘నై’ అలవాటున్న చెవికి ఇది తిరగబడి వినిపిస్తుంది. తల పైకెత్తి నాలుకతో చప్పుడు చేస్తే అది కూడా లేదనే.

శాకాహారులు, గొడ్డుమాంసం తిననివాళ్ళు

మెనూలో కిమాస్ అని వినిపిస్తే అది మన కీమాయే, మాట కూడా ఆ చుట్టరికంలోదే. అక్కడ ఎక్కువగా గొడ్డుమాంసంతో చేస్తారు. ముసాకాలో, పాస్తీత్సియోలో, కీమా ముద్దలు కాల్చే బిఫ్తేకిలో ఉండేది అదే. మోస్ఖారి అంటే దూడ లేదా ఎద్దు మాంసం, హిరినో పంది, అర్ని గొర్రె, ‘కొతోపులో’ అంటే కోడి. ఈ నాలుగు మాటలూ కాగితం మీద రాసుకుని వెళ్ళండి.

గులాబీ రంగు పేస్టులా ఉండే తరమోసలాతా కూరగాయలది కాదు, చేప గుడ్లది. ద్రాక్షాకుల్లో చుట్టిన దోల్మాదెస్ వేడిగా, గుడ్డు నిమ్మ సాస్‌తో వస్తే లోపల సాధారణంగా మాంసం ఉంటుంది. చల్లగా నూనెతో వచ్చేవి అన్నంతో చేసినవి. టమాటాల్లో బియ్యం కూరిన గెమిస్తా రెండు రకాలుగానూ చేస్తారు, అడగాలి. ‘నిస్తీసిమో’ అంటే ఉపవాసాల్లో తినేది అని అర్థం. అందులో మాంసం, పాలు, గుడ్లు ఉండవు, కానీ ఆక్టోపస్, కలమారి (స్క్విడ్), రొయ్యలు ఉండొచ్చు. అందుకని ఆ ఒక్క మాట మీద ఆధారపడితే పొరపాటు అవుతుంది. ఫెతాని సంప్రదాయంగా జంతువుల రెన్నెట్‌తో (పాలు విరగ్గొట్టడానికి పశువుల పిల్లల కడుపులోంచి తీసే పదార్థం) చేస్తారని పట్టింపు ఉన్నవాళ్ళు గుర్తుంచుకోవాలి. నిశ్చింతగా తినగలిగేవి ఫావా, హోర్తా, కూరగాయలు టమాటాతో కలిపి ఓవెన్‌లో కాల్చే బ్రియామ్.

చేప: ఇక్కడే డబ్బు పోతుంది

మెనూలో పెద్ద చేపల పక్కన ఉండే అంకె ప్లేటు ధర కాదు, కిలో ధర. దీన్ని గమనించకపోవడం వల్లే గొడవలన్నీ. గావ్రోస్, మారీదా, సార్దెలెస్ లాంటి చిన్న చేపలు, కలమారి ప్లేటు లెక్కన ఇస్తారు. ఆ వరసలోనే కింద కిలో లెక్కన అమ్మే త్సిపూరా, లవ్రాకి, బర్బూని చేపలు ఉంటాయి కాబట్టి అన్నిటికీ ఒకే లెక్క అనుకుంటారు. ‘తో కిలో’ అన్న మాట ఉందేమో చూడండి. ఆస్తకోస్‌తో (లాబ్‌స్టర్) చేసే మకరోనీ, గొర్రె పక్కటెముకలు పైదాకియా కూడా చాలాచోట్ల కిలో లెక్కే.

“ఏదైనా మంచి చేప తెండి” అని ఎప్పుడూ అనకండి. అలా అంటే వంటవాడు ఎంత పెద్దది కాలిస్తే అంతకీ డబ్బు కట్టాలి. లేచి వెళ్ళి, మంచు మీద పెట్టిన చేపలు మీరే చూడాలి. అది మొహమాటపడే పని కాదు, గ్రీకులూ అలాగే చేస్తారు. విశాఖ రేవులో చేప కొనేటప్పుడు చూసేవే ఇక్కడా చూడండి: కన్ను ఉబ్బి మెరుస్తుండాలి, మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట నిలవకూడదు.

చేప ఎంచుకున్నాక అక్కడినుంచి కదలొద్దు. మీ కళ్ళ ముందే తూకం వేయించండి. “పోసో జిగీజి?” అంటే ఎంత తూగుతుందని. కిలో 70 యూరోలు అనుకుంటే 850 గ్రాముల చేప 59 యూరోల 50 సెంట్లు. ఈ లెక్క నిప్పుల మీద పెట్టకముందే చేసుకోవాలి. ఎక్కువనిపిస్తే చిన్నది చూపించమనండి, ఎవరూ ఏమీ అనుకోరు. కాల్చేశాక మాత్రం మాట్లాడటానికి ఏమీ ఉండదు. తూకం పేగులు తీయకముందు వేస్తారు, పైగా కాల్చినప్పుడు నీరు పోతుంది. అందుకే పళ్ళెంలోకి వచ్చిన చేప తూచినదానికంటే చిన్నదిగా కనిపిస్తుంది. దాన్ని మార్చేశారనుకోకండి. మెజేదెస్ తిన్న ఇద్దరికి 800 గ్రాములది ఒకటి ధారాళంగా సరిపోతుంది. పైదాకియా అయితే అరకిలో చాలు.

సముద్రంలో పట్టిన చేపకీ పెంచిన చేపకీ ధరలో చాలా తేడా ఉంటుంది. త్సిపూరా, లవ్రాకి చౌకగా ఉంటే అవి పెంపకంవి. రుచికి పర్వాలేదు, కానీ సముద్రం చేప ధర పెట్టి కొనకూడదు. గడ్డకట్టించినవాటికి మెనూలో నక్షత్రం గుర్తు వేసి కింద రాస్తారు, ఆ చిన్న అక్షరాలు చదవండి. పెద్ద చేపని నిప్పుల మీద కాల్చమనాలి, పైన నూనె, నిమ్మరసం తప్ప మరేమీ అడక్కూడదు. వేయించాల్సింది చిన్న చేపల్ని. మారీదాని తలతో సహా చేత్తో తీసుకుని తినేయొచ్చు.

తాగేది, బిల్లు

ఇంటి వైన్ కూడా కిలోల్లోనే అడుగుతారు. ‘మిసో కిలో’ అంటే అరలీటరు జగ్గు. సోంపు వాసన వచ్చే మద్యం ఊజోలో నీళ్ళు పోస్తే తెల్లబడుతుంది, అది పాడైనందువల్ల కాదు.

అడగనిదే బిల్లు తేరు. తేవడమంటే లేవమని చెప్పినట్టవుతుంది. “తోన్ లోగరియాస్మో పరకలో” అనండి. అందులో చేప వరస చూసి, మీరు విన్న తూకంతో సరిపోల్చుకోండి. రసీదు ఇవ్వకపోతే డబ్బు కట్టక్కర్లేదని మెనూలోనే రాసి ఉంటుంది, అది అక్కడి చట్టం. బాగుంటే 5 నుంచి 10 శాతం నగదుగా బల్ల మీద పెట్టండి.

బిల్లుతోపాటు పుచ్చకాయ ముక్కలో, హల్వానో, క్రీట్ దీవిలో అయితే చిన్న గ్లాసు రకీయో (ద్రాక్ష సారా) ఇంటివాళ్ళ తరఫున వస్తుంది. దానికి డబ్బుండదు. రకీ తాగనివాళ్ళు కూడా గ్లాసు ఒకసారి ఎత్తి పెట్టాలి, వెనక్కి నెట్టకూడదు. కాఫీ మాత్రం పాతకాలపు తవెర్నాల్లో చాలాచోట్ల ఉండదు. దానికి లేచి పక్కనున్న కఫెనియోకి వెళ్ళాలి.